టమోటా మొక్క నీళ్లకోసం అరుస్తుందా? ఫోన్‌లో వినొచ్చా?

నీళ్లు లేని టమోటా మొక్క అరుస్తుందన్న వీడియో నిజమేనా, ఫోన్‌లో యాప్ వేసుకుని ఆ అరుపు విని తడి పెట్టొచ్చా అని అడిగారు. శబ్దం నిజమే. యాప్‌ను మాత్రం నమ్మకండి. నేనుండేది తిరుపతిలో, మా కయ్యలు పలమనేరు దగ్గర. ఏటా టమోటా పెడతాం. ఆ వీడియో మా నాన్న ఫోన్‌కూ వచ్చింది కాబట్టి అసలు పరిశోధన ఏమిటో వెతికి చదివాను.

అది 2023 మార్చిలో ‘సెల్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం టమోటా, పొగాకు మొక్కలకు 10 సెంటీమీటర్ల దూరంలో మైకులు పెట్టి రికార్డు చేసింది. నీళ్లు చాలినన్ని ఉన్న మొక్క నుంచి గంటకు సగటున ఒక్క టిక్కు (టిక్కుమనే చిన్న శబ్దం) కన్నా తక్కువే వచ్చింది. బెట్టకొచ్చిన టమోటా నుంచి సగటున 35 దాకా వచ్చాయి, పేలాలు వేగుతున్నట్టు. కాడ కోసినా వచ్చాయి. రైతుకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఆకు వాడటం కంటికి కనపడకముందే టిక్కులు మొదలయ్యాయి. మొక్క పూర్తిగా ఎండిపోయే కొద్దీ తగ్గిపోయాయి.

‘అరుపు’ అన్నది వీడియో వాళ్లు కలిపిన మసాలా. వేరు నుంచి ఆకుకు నీళ్లు సన్నటి గొట్టాల్లో బిగుతుగా లాగబడుతూ పైకెక్కుతాయి. నేల ఎండితే ఆ లాగుడు ఎక్కువై, నీటి ధార తెగి గాలి బుడగ పడుతుంది. శబ్దం ఎక్కువగా అక్కడే పుడుతోందని శాస్త్రవేత్తల అంచనా. ఆముదం మొక్కలో ఈ బుడగల అదురును 1966లోనే పట్టుకున్నారు. హదానీ వాళ్లు కొత్తగా చూపించింది, అది గాలిలోకి కూడా వస్తుందని, కొన్ని మీటర్ల దూరం దాకా పట్టుకోవచ్చని.

మన చెవికి వినపడేది 20 కిలోహెర్ట్జ్ లోపు. ఈ టిక్కులు 40 నుంచి 80 మధ్య ఉంటాయి. మామూలు ఫోన్ మైకు 24 దగ్గరే ఆగిపోతుంది. ఇక యాప్ వినేదేముంది? వీడియోలో వినిపించింది రికార్డును మన చెవికి అందేలా దించిన శబ్దం. పైగా ఆ ప్రయోగాలు జరిగింది శబ్దం రాని పెట్టెలో, గ్రీన్‌హౌస్‌లో. బోరు మోటారు, గాలి, పక్క చేలో ట్రాక్టర్ ఉండే మన కయ్యలో కథ వేరే.

2025లో ఇదే విశ్వవిద్యాలయం నుంచి ఇంకో సంగతి వచ్చింది. మన పొగాకు లద్దె పురుగుకు దగ్గరి బంధువైన ఒక పురుగు మీద చూశారు. దాని తల్లి రెక్కల పురుగు టిక్కులు వినిపించే వైపు వదిలేసి, నిశ్శబ్దంగా ఉన్న టమోటా మీద ఎక్కువ గుడ్లు పెట్టింది. బెట్ట మొక్క పిల్లలకు మేతకు పనికిరాదని దానికి తెలుస్తోందన్నమాట. నాకైతే మొదటిదానికన్నా ఇదే ఆశ్చర్యంగా అనిపించింది.

తడికి మేము చూసేది పాత పద్ధతే. మధ్యాహ్నం ఆకు వాలితే కంగారు పడం, ఎండకు అది మామూలే. తెల్లవారుజామున కూడా వాలి ఉంటే డ్రిప్పర్ పక్కన జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కుతాం. ముద్ద కట్టకపోతే నీళ్లు వదులుతాం. మట్టి తడిగా ఉండీ మొక్క వాలిందంటే నీళ్లు పెట్టకండి, ఎండు తెగులేమో చూడండి. కాడ కోసి గ్లాసు నీళ్లలో నిలబెడితే, బాక్టీరియా తెగులైతే కాసేపటికి కోసిన చోటి నుంచి తెల్లటి జిగురు దారంలా కిందికి దిగుతుంది.