ఫ్లో మీటర్లు బిగించే ఉద్యోగానికి అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా పూర్తి చేసింది. పరిశ్రమల పైపులైన్లకు ఫ్లో మీటర్లు బిగించి, వాటి బాగోగులు చూసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మీటర్లు బిగించడం కూడా ఒక ఉద్యోగమేనా, ఈసెట్ రాయించి బీటెక్‌లో చేరుద్దాం అంటున్నారు మావారు. అమ్మాయేమో వెళ్తానని పట్టుబడుతోంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: వెళ్లనివ్వండి అమ్మా. ఎందుకంటున్నానో తెలియాలంటే ఆ పని ఏమిటో మీ ఇద్దరికీ తెలియాలి.

వరదల రోజుల్లో మనమంతా ధవళేశ్వరం గేజి మాట కోసం చెవి ఒగ్గి ఉంటాం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకె విని లంకల్లో జనం సామాన్లు సర్దుకుంటారు. అంకె తప్పితే ఏమవుతుందో గోదావరి మనుషులకు వేరే చెప్పనక్కర్లేదు. కర్మాగారంలో పైపు లోపలి ప్రవాహానికీ అలాంటి నమ్మకమైన అంకె కావాలి. పంచదార మిల్లులో చెరకు రసం, కాగితపు మిల్లులో నీరు, బయటికి వదిలే వ్యర్థజలం, ఏది ఎంత వెళ్లిందో మీటరే చెప్పాలి. దాన్ని బట్టే రసాయనాలు కలుపుతారు, బిల్లు వేస్తారు, కాలుష్య నియంత్రణ మండలికి జవాబు చెబుతారు. పంచదార, డిస్టిలరీ, కాగితం, ఎరువులతో సహా 17 రకాల పరిశ్రమలు వ్యర్థాలను ఆన్‌లైన్‌లో నిరంతరం కొలవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఈ పనికి మనుషులు కావాలి.

మీటరు అంకె తప్పు చూపితే తప్పు చాలాసార్లు మీటరుది కాదు, బిగించిన చోటుది. నా దగ్గర సలహా తీసుకున్న ఒక కుర్రవాడి మొదటి పని ఇదే. ఒక కర్మాగారంలో అంకెలు ఊగుతున్నాయని అప్పటికే రెండు మీటర్లు మార్చారు. ఇతను వెళ్లి పైపు వెంట నడిచి చూశాడు. లైను మొత్తంలో ఎత్తైన చోట మీటరు పెట్టారు. గాలి అక్కడే చేరుతోంది. నీరు కిందనుంచి పైకి ఎక్కే నిలువు పైపులోకి మార్చగానే అంకె నిలబడింది. అది మాగ్నెటిక్ మీటరు, దానికి పైపు నిండుగా పారాలి. అయస్కాంత క్షేత్రంలో కదిలే నీటిలో పుట్టే చిన్నపాటి వోల్టేజిని అది కొలుస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే దానికి ఆధారం. పైపు వంపుకో వాల్వుకో ఆనించి బిగిస్తే నీరు సుడి తిరుగుతూ వస్తుంది. అందుకే మీటరుకు ముందు పైపు వ్యాసానికి ఐదు రెట్లయినా తిన్నని పైపు ఉండాలంటారు, అంటే 150 మిల్లీమీటర్ల పైపుకు 750. ఎర్తింగ్ సరిగా లేకపోయినా కొలత చెడుతుంది. నూనెకు ఈ మీటరు అసలు పనికిరాదు, నూనెలో విద్యుత్తు పారదు కాబట్టి. నూనెకు, మొలాసిస్‌కు (చెరకు మడ్డికి) ద్రవ్యరాశినే కొలిచే కోరియాలిస్ మీటరు వాడతారు. చోటు చూసుకోకుండా బిగించి, చెడిపోయిందని కొత్తది అమ్మేవాళ్లను తలచుకుంటే నాకు కోపం వస్తుంది. మీ అమ్మాయి లాంటి చదువుకున్న పిల్లలు అక్కడ ఉండాలి.

ఒకసారి అమ్మాయినే అడిగి చూడండి: ప్రవాహం సున్నా ఉన్నప్పుడు మీటరు తన అంకెను తీగ మీద పంపే కరెంటు సున్నాకు బదులు 4 మిల్లీ ఆంపియర్లు ఎందుకు ఉంటుంది? తీగ తెగితే సున్నా వస్తుంది, నీరు ఆగితే నాలుగు వస్తుంది, ఆ తేడా తెలియడానికే. ఇది మీకు ఉత్సాహంగా వివరించిందంటే ఆ పట్టుదల ఊరికే వచ్చింది కాదు.

కష్టాలూ ఉన్నాయి. చెరకు గానుగ ఆడే కాలంలో మిల్లు ఆపరు, రాత్రి ఫోను వస్తే వెళ్లాలి. వ్యర్థజలాల గోతుల్లో విషవాయువు చేరుతుంది. గాలి పరీక్షించకుండా, పైన ఒక మనిషి లేకుండా ఎవరూ దిగకూడదు. ఈ ఒక్క విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

చదువు అలవాటు తప్పుతుందన్న మీవారి భయం నిజమైనదే. రెండేళ్లు పని చేశాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, కానీ అప్పటిదాకా రోజుకు గంటైనా లెక్కలు చేస్తూ ఉండాలి. ఈ రంగంలోనే ఎదగాలనుకుంటే క్యాలిబ్రేషన్, అంటే మీటరు అంకెను ప్రామాణిక కొలతతో పోల్చి సరిచూడటం, నేర్చుకోవాలి. కేరళలోని పాలక్కాడ్‌లో ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రవాహ మీటర్లను పరీక్షిస్తుంది, శిక్షణ కూడా ఇస్తుంది.

చేరే ముందు ఆఫర్ లెటర్ ముగ్గురూ కలిసి చదవండి. పీఎఫ్, ఈఎస్ఐ, ప్రయాణ భత్యం, బయట ఊళ్లలో బస, రాత్రి పనికి తోడు ఎవరన్నది అడిగి రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, వాళ్ల దగ్గర ఉంచవద్దు.