అన్నీ అమర్చిపెట్టిన సెలవులో పొద్దుపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. గది, మూడు పూటల భోజనం, పానీయాలు, ఆటపాటలు అన్నిటికీ కలిపి ముందుగానే డబ్బు కట్టించుకొనే ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ రిసార్టుల గురించి అడిగిన ఆ మూడింటికీ ఈ సంచికలో కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఈసారి సెలవులకు సముద్రం ఒడ్డున ఒక ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టులో వారం రోజులు ఉందామని మావారు అంటున్నారు. వంట బాధ లేదు, బేరాలు లేవు, దేనికీ క్యూలో నిలబడే పని లేదు, ఇంకేం కావాలన్నది ఆయన వాదన. నాకేమో కొత్త ఊళ్లలో కాలినడకన తిరగడం, సందులూ బజార్లూ చూడడం ఇష్టం. అలాంటి చోటికే వెళ్లి వచ్చిన మా ఆడపడుచు మూడో రోజుకే ఏమీ తోచలేదని చెప్పింది. అక్కడ నిజంగా విశ్రాంతి దొరుకుతుందా, లేక విసుగే మిగులుతుందా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆడపడుచుకు ఏమీ తోచకపోవడంలో వింత లేదు. ఈ తరహా సెలవులు పుట్టిన నాడే ఈ సమస్యా పుట్టింది. బిల్లీ బట్లిన్ అనే వ్యాపారి 1936లో ఇంగ్లండు తూర్పు తీరాన స్కెగ్నెస్‌లో ఒక సెలవుల శిబిరం తెరిచాడు. బస, మూడు పూటల భోజనం, వినోదం అన్నీ ఒకే రుసుములో వచ్చేవి. అన్ని హంగులూ సమకూర్చినా, వచ్చిన అతిథులు ఒకరితో ఒకరు కలవకుండా, ఏం చేయాలో తెలియనట్టు ముభావంగా కూర్చొని ఉండడం అతను ఆరంభంలోనే గమనించాడు. అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న నార్మన్ బ్రాడ్‌ఫర్డ్ అనే ఆయనను పిలిచి, వీళ్లను ఎలాగైనా కాస్త నవ్వించమని పురమాయించాడు. ఆ ప్రయత్నం ఫలించడంతో అతిథులను అలరించడానికే ఎర్రకోటు తొడిగిన సిబ్బంది తయారయ్యారు. ‘రెడ్‌కోట్స్’ అన్న పేరు వాళ్లకు అలా వచ్చింది. తిండికీ పడకకూ లోటు లేకపోయినా మనిషికి పొద్దుపోవడం వేరే సంగతి అని బట్లిన్‌కు మొదట్లోనే అర్థమైందన్నమాట.

ఆ తరువాత 1950లో బెల్జియం దేశపు వాటర్ పోలో ఆటగాడు జెరార్ బ్లిట్జ్, మధ్యధరా సముద్రంలోని మజోర్కా దీవిలో అల్కూడియా దగ్గర గుడారాలు వేయించి ‘క్లబ్ మెడిటరనే’ను ప్రారంభించాడు. అక్కడికి వెళ్లినవారికి దక్కింది విలాసం కాదు, నలుగురితో కలిసి ఆడటం, ఈదడం, ఒకే బల్ల దగ్గర భోంచేయడం. అంటే ఆ పాత శిబిరాలు అమ్మింది ప్రధానంగా కాలక్షేపం. ఈనాటి రిసార్టుల ప్రకటనల్లో కనిపించేది మాత్రం ఖాళీగా ఉన్న ఇసుకతీరం, రెండు చెట్ల మధ్య కట్టిన ఊయల. ఏమీ చేయకపోవడమే అసలు సరుకు అన్నట్టుగా ఉంటుంది ఆ బొమ్మ. ఆ బొమ్మను నమ్మి వెళ్లినవారికే ముందుగా విసుగు పుడుతుందని నా అభిప్రాయం.

పని అలసట నుంచి మనిషి ఎలా తేరుకుంటాడన్న విషయం మీద సబీన్ జొనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో వారు నాలుగు అనుభవాలను వేరు చేసి చూపారు: పని ఆలోచన మనసులోంచి పోవడం, ఒళ్లూ మనసూ సడలడం, కొత్తదేదో నేర్చుకొని దానిపై పట్టు సాధించడం, తన సమయాన్ని తన ఇష్టం ప్రకారం గడుపుకోగలగడం. మీ ఇంట్లో నడుస్తున్న వాదనకు ఈ విభజన చక్కగా సరిపోతుంది. అన్నీ కలిపిన రిసార్టు మొదటి రెండింటినీ దండిగా ఇస్తుంది. మూడోది అడిగి తీసుకుంటే తప్ప ఇవ్వదు. నాలుగోది పైకి ఇచ్చినట్టే ఉంటుంది కానీ, భోజనశాల తలుపులు తెరిచే వేళలూ, ముందుగా పేరు రాయించుకోవలసిన రెస్టారెంట్లూ, సాయంత్రపు కార్యక్రమాల పట్టికా కలిసి రోజును మనకు తెలియకుండానే ముక్కలు చేసేస్తాయి. మీవారు మొదటి రెండింటి కోసం వెళ్దామంటున్నారు; మీకు మూడోదీ నాలుగోదీ కావాలి. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇద్దరి అలసటా ఒకటే కానక్కరలేదు. రోజంతా నలుగురికి సమాధానం చెబుతూ, ప్రతి చిన్నదానికీ తానే నిర్ణయం తీసుకోవలసిన ఉద్యోగంలో ఉన్నవారికి, ‘ఈ పూట ఏం తిందాం’ అన్న ప్రశ్న కూడా ఎదురుకాని వారం వరంలా అనిపిస్తుంది. రోజూ ఒకే పని, ఒకే దారి, ఒకే ముఖాలతో నలిగినవారికి మాత్రం అదే వారం మరో రకం రోజువారీతనంగా తయారవుతుంది.

మూడో రోజు ఉదయం అలాంటి చోట ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడండి. అల్పాహారం హాలులో అవే స్టీలు మూతలు, అదే వరుస. గుడ్ల కౌంటరు దగ్గర వంటవాడు నిన్న అడిగిన ప్రశ్నే అదే చిరునవ్వుతో అడుగుతాడు. ఏ రసంలో నీళ్లెక్కువో అప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంటుంది. నీడపట్టున ఉన్న కుర్చీలన్నిటి మీదా తెల్లవారుతూనే ఎవరెవరో తువ్వాళ్లు పరిచి వెళ్లి ఉంటారు. ఆ మనుషులు మాత్రం కనబడరు. పదకొండు కాకముందే ఒకాయన లేచి, మధ్యాహ్న భోజనం ఎన్నింటికి మొదలవుతుందని అక్కడి కుర్రవాణ్ణి అడుగుతాడు. ఆయనకు ఆకలి వేయడం లేదు, పొద్దుపోవడం లేదు. ఆ పక్కనే ఒకావిడ ఒళ్లో పుస్తకం సగానికి వచ్చి ఉంటుంది. ఆవిడకు ఆ వేళ ఎంతైందో కూడా పట్టదు. రిసార్టు ఇద్దరికీ ఒకటే. తేడా అంతా వెంట తెచ్చుకున్నదానిలో ఉంది.

అలాగని మొదటి రెండు రోజుల్లో కలిగే వెలితిని విసుగుగా లెక్కకట్టి తిరుగు ప్రయాణం గురించి ఆలోచించవద్దు. ఊపిరి సలపని పనిలోంచి వచ్చినవారికి చేతులు ఖాళీగా ఉండడం అలవాటు కావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఫోను ఊరికే తీసి చూడడం, గది సర్దడం, రేపటి పని గురించి మాట్లాడడం, ఇవన్నీ ఆ అలవాటు ఇంకా వదలకపోవడం వల్ల వచ్చేవే. అసలైన విసుగు ఆ తరువాత వస్తుంది. దానికి కారణం వేరు: ఎంత హాయైన అనుభవమైనా ఎడతెరిపి లేకుండా సాగితే మొహం మొత్తుతుంది. లీఫ్ నెల్సన్, టామ్ మేవిస్ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆహ్లాదకరమైన అనుభవాన్ని మధ్యలో కాసేపు ఆపి మళ్లీ కొనసాగించినప్పుడు జనం దాన్ని ఎక్కువగా ఆస్వాదించారని తేలింది. మధ్యలో ఆటంకం వద్దనే ముందుగా చాలామంది కోరుకున్నారు కూడా! కనుక మూడో రోజునో నాలుగో రోజునో పొద్దున్నే గేటు దాటి, దగ్గరలోని ఊరిలో చీకటిపడే వరకూ తిరిగి రావడం మీ ఇష్టాన్ని తీర్చడమే కాక, మీవారి విశ్రాంతికీ మేలు చేస్తుంది.

ఎన్ని రోజులు ఉండాలన్నది కూడా చూసుకోవాలి. నెదర్లాండ్స్‌లో జెసికా డి బ్లూమ్, ఆమె సహచరులు దీర్ఘ సెలవులు తీసుకున్న ఉద్యోగులను పరిశీలించి 2013లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, సగటున 23 రోజులు సాగిన ఆ సెలవుల్లో మనసూ ఆరోగ్యమూ అత్యంత బాగున్నది ఎనిమిదో రోజున; మళ్లీ పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ లాభం కరిగిపోయింది. అంటే వారం రోజులు వృథా ఏమీ కాదు, కానీ రోజులు పెంచుకుంటూ పోయినంత మాత్రాన హాయి నిల్వ ఉండదు. ఆ వారాన్నే పంచుకోమని నా సలహా. మొదటి నాలుగు రోజులు మీవారు కోరిన రిసార్టులో ఉండి, మిగతా మూడు రోజులు మీరు కోరిన ఊరిలో మామూలు బస తీసుకోండి. ఈ వరుస తిరగబడకూడదు. అలసట తీరకముందు ఊళ్లు తిరిగితే ఆయన సణుగుతారు. తీరాక తిరిగితే ఆయనే ముందు నడుస్తారు.

ప్రశ్న: మేము రెండుసార్లు అలాంటి రిసార్టులకు వెళ్లాము. డబ్బంతా ముందే కట్టేశాం కదా అని బయట కాఫీ తాగాలన్నా మనసొప్పదు. ఆకలి లేకపోయినా బఫేలో అన్నీ వడ్డించుకుంటాము. తిరిగి వచ్చేసరికి ఒళ్లు బరువు, మనసులో అసంతృప్తి. దీనికంటే దేనికది విడిగా చెల్లించుకోవడమే నయమా? — ఒక పాఠకుడు

జవాబు: ముందుగా చెల్లించడంలో తప్పు లేదు. నిజానికి సెలవు హాయిగా ఉండడానికి అదొక ముఖ్య కారణం. డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టైన్ 1998లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, విహారయాత్రల వంటివాటికి జనం ముందే డబ్బు కట్టేయడానికి మొగ్గుచూపుతారని చూపించారు. చెల్లింపు నొప్పి ఎప్పుడో ముగిసిపోయి ఉంటే, అనుభవించే వేళ అంతా ఉచితంగా దొరికినట్టే ఉంటుంది. ప్రతి గ్లాసుకూ ఒక బిల్లు మీద సంతకం పెట్టవలసిన చోట ఆ సుఖం ఉండదు. క్లబ్ మెడిటరనేలో ఒకప్పుడు పానీయాలకు నోట్లకు బదులు మెడలో వేసుకునే పూసలతో చెల్లించే పద్ధతి ఉండేది. జేబు తడుముకోవలసిన అవసరం లేకుండా చేయడమే దాని పరమార్థం.

మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది చెల్లింపు కాదు, చెల్లించినదంతా రాబట్టాలన్న పంతం. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో కొందరిని ఒక ఊహాత్మక ప్రశ్న అడిగారు. మీరు మంచు మీద జారే ఆట కోసం రెండు విహారయాత్రలకు టిక్కెట్లు కొన్నారు, ఒకటి 100 డాలర్లు, ఇంకొకటి 50. ఆ 50 డాలర్ల యాత్రే మీకు ఎక్కువ సరదాగా ఉంటుందని మీకు తెలుసు. తీరా చూస్తే రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి, టిక్కెట్లు వెనక్కి ఇవ్వడానికి లేదు. దేనికి వెళ్తారు? సగానికి పైగా మంది ఎక్కువ ఖరీదున్న యాత్రనే ఎంచుకున్నారు. ఆకలి లేని కడుపుతో మూడోసారి పళ్లెం నింపుకునేవారు చేస్తున్నదీ సరిగ్గా ఇదే. మీరు కట్టిన డబ్బు మీరు గదిలో పడుకొన్నా తిరిగిరాదు, పొద్దస్తమానం తింటూ కూర్చున్నా తిరిగిరాదు. అది పోయిన మాట నిజం. దాని వెంట ఆరోగ్యం కూడా పోవాలా?

ఎంత కావాలంటే అంత అన్న మాటకు ప్రభుత్వాలే జంకిన సందర్భం ఒకటి ఉంది. జెరార్ బ్లిట్జ్ గుడారాలు వేసిన ఆ మజోర్కా దీవిలోనే, తాగి అల్లరి చేసే పర్యాటకులతో విసిగిన కొన్ని ప్రాంతాల్లో, ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ కింద ఇచ్చే మద్యాన్ని రోజుకు ఆరు గ్లాసులకు, అదీ భోజనాల వేళకు పరిమితం చేస్తూ 2020లో స్థానిక ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది.

మీ వంటివారికి మధ్యేమార్గం ఉంది. గదితో పాటు అల్పాహారం, రాత్రి భోజనం మాత్రమే కలిపి ఇచ్చే ‘హాఫ్ బోర్డ్’ ప్లాను తీసుకోండి. మధ్యాహ్నం మీ సొంతమవుతుంది, బయట తిన్నందుకు డబ్బు దండగైందన్న బాధా ఉండదు. అన్నీ కలిపిన ప్యాకేజీయే కావాలనుకుంటే, అందులో కలపనివి ఏవో బుక్ చేసే ముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మోటారు పడవ ఆటలు, మసాజ్, కొన్ని ఖరీదైన పానీయాలు, విమానాశ్రయం నుంచి తీసుకురావడం వంటివాటికి చాలాచోట్ల అదనంగా తీసుకుంటారు. అంతా కట్టేశామన్న ధీమాతో వెళ్లినవారికి అక్కడ చేతికందే చిన్న బిల్లు కూడా పెద్ద అవమానంలా తోస్తుంది. ముందే తెలిసి ఉంటే అదేమీ బాధించదు.

ప్రశ్న: అమ్మానాన్నలు, మా ఇద్దరు పిల్లలు, మేమిద్దరం కలిసి మొదటిసారి ఇలాంటి రిసార్టుకు వెళ్లాలనుకుంటున్నాము. మూడు తరాలవారికీ ఒకేచోట పొద్దుపోతుందా? — మరొక పాఠకురాలు

జవాబు: తప్పకుండా పోతుంది. ఈ రిసార్టులు అన్నిటికంటే బాగా నప్పేది మీ వంటి కుటుంబాలకే. మోకాళ్ల నొప్పులున్న తాతగారినీ, గంటకొకసారి ఆకలనే పిల్లవాణ్ణీ ఒకే కారులో ఊళ్లు తిప్పడం కంటే, ఎవరి వేళకు వాళ్లు తిని, ఎవరికి తోచిన మూల వాళ్లు కూర్చోగలిగే చోటు ఎంతో నయం. బిల్లు ఎవరు కట్టాలన్న మొహమాటం కూడా పెద్దవాళ్లకు ఉండదు.

బుక్ చేసే ముందు మూడు సంగతులు మాత్రం చూసుకోండి. కొన్ని రిసార్టులు పెద్దలకు మాత్రమే, పిల్లలను రానివ్వరు. పిల్లల క్లబ్బు ఉన్నచోట ఏ వయసువారిని చేర్చుకుంటారో, ఏ వేళల్లో తెరిచి ఉంచుతారో అడగండి, ఎందుకంటే మీ ఇద్దరి విశ్రాంతి పూర్తిగా దానిమీదే ఆధారపడి ఉంటుంది. లేకపోతే ఇంట్లో చేసే కాపలానే ఈతకొలను గట్టున చేస్తారు. ఇక మీ నాన్నగారికీ అమ్మగారికీ భోజనశాలకు దగ్గరగా, మెట్లు ఎక్కనక్కరలేని గది ఇమ్మని ముందే రాయండి. విశాలమైన ఆవరణల్లో గది నుంచి అల్పాహారానికి నడవడమే ఒక ప్రయాణమవుతుంది. అక్కడికి తీసుకువెళ్లే చిన్న బ్యాటరీ బండి ఉందో లేదో, పిలిస్తే వస్తుందో, దాని వేళకు మనమే కాచుకోవాలో కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయండి.