ఎస్టిమేటు పదకొండు వేలు, బిల్లు పాతిక వేలు: కారు రిపేర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కారు. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఎక్సలేటరు తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు లాగడం లేదు. విజయనగరంలో ఒక షెడ్డుకి ఇస్తే క్లచ్ పోయిందన్నారు. క్లచ్ సెట్టు 6,800, లేబరు 4,700, మొత్తం 11,500 అవుతుందని వాట్సాప్‌లో పంపారు, సరేనన్నాను. నాలుగో రోజు 24,474 బిల్లు చేతిలో పెట్టారు. అందులో కొత్తగా చేరినవి: ఫ్లైవీలు ఫేసింగు 1,200, ఆయిల్ సీళ్లు 850, గేర్ ఆయిల్ 1,100, ఇంజిన్ మౌంటింగు 2,900, సీళ్లు మార్చిన లేబరు 3,000, థ్రాటిల్ బాడీ క్లీనింగు 1,200, ఇంజిన్ ఫ్లష్ 900, కన్స్యూమబుల్స్ 600. క్లచ్ సెట్టు పెట్టె మీద ఎమ్మార్పీ 6,800 ఉంటే దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ వేశారు. మొత్తం కడితేనే కారు, లేదంటే రోజుకి 300 పార్కింగు అంటున్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా?
(గజపతినగరం పాఠకుడు)

జవాబు: పోలీసుల దగ్గరికి వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేయడమే ఎక్కువ. ముందు బిల్లు సంగతి చూద్దాం. అందులో ఉన్నవన్నీ మోసమూ కాదు, అన్నీ న్యాయమూ కాదు.

ఫ్లైవీలు (క్లచ్ ప్లేటు ఆనుకుని తిరిగే ఇంజిన్ చక్రం), సీళ్లు, గేర్ ఆయిల్, ఈ మూడూ క్లచ్ పనిలో సహజంగా వచ్చేవే. జారే క్లచ్‌తో చాలా రోజులు తిప్పితే ఫ్లైవీలు ముఖం మీద వేడికి నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. దాన్ని లేతు మీద సాపు చేయకుండా కొత్త ప్లేటు బిగిస్తే మొదటి గేరులో బండి వణుకుతుంది. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు కారుతుంటే ఆ నూనె కొత్త ప్లేటు మీద పడి నెలల్లోనే పాడు చేస్తుంది. పక్క షాఫ్టులు లాగితే గేర్ ఆయిల్ ఎలాగూ కారిపోతుంది, చిన్న కార్లకు తిరిగి రెండు లీటర్ల దాకా పోయాలి. కాబట్టి 1,200, 850, 1,100 కలిపి 3,150 ఇవ్వదగ్గదే. గేర్‌బాక్సు దించాక కనబడినవి గనక ముందు చెప్పలేకపోయారంటే అర్థముంది. దించాక ఒక ఫోను, రెండు ఫొటోలు పంపకపోవడం మాత్రం షెడ్డు తప్పే.

సీళ్లు మార్చిన లేబరు 3,000 దగ్గరే అసలు తిరకాసు. గేర్‌బాక్సు దించి ఎక్కించడమే క్లచ్ లేబరులో పెద్ద పని. దానికి మీరు 4,700 ఇస్తున్నారు. అది కింద ఉండగా సీలు పీకి కొత్తది కొట్టడానికి అదనంగా పట్టేది కొద్దిసేపే. మూడు వందలో నాలుగు వందలో అడిగితే సరే, 3,000 అంటే గేర్‌బాక్సుని కాగితం మీద రెండోసారి దించినట్టు.

ఇంజిన్ మౌంటింగు గురించి పాతది చూపించమనండి. రబ్బరు చిరిగి ఇనుము నుంచి ఊడి వచ్చి ఉంటే మార్చడం సబబే, 2,900 ఇచ్చేయండి. చూపించలేకపోతే, మీరు ఒప్పుకోని సామానుకు డబ్బు కట్టనవసరం లేదు.

ఇంజిన్ ఫ్లష్ పద్దును జాగ్రత్తగా చూడండి. ఫ్లష్ అంటే పాత ఇంజిన్ ఆయిల్‌లో ఒక డబ్బా ద్రవం పోసి, డబ్బా మీద రాసిన కొద్ది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆ ఆయిల్ మొత్తం దింపేసి, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేయడం. చిన్న పెట్రోలు ఇంజిన్‌కి మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. మీరు రాసిన బిల్లులో ఇంజిన్ ఆయిల్ లేదు, ఫిల్టరూ లేదు. అంటే ఫ్లష్ చేయనే లేదు, లేదా చేసి ఆ మురికి ద్రవాన్ని ఇంజిన్‌లోనే వదిలేశారు. రెండోదే నిజమైతే కారు తీసుకున్న రోజే ఆయిల్ మార్పించండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు 900 దానంతట అదే కొట్టివేతకు వస్తుంది. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీనింగు మీ ఫిర్యాదుకు సంబంధం లేని పని. కన్స్యూమబుల్స్ అంటే ఏమిటో, ఎంతో వివరం రాయమనండి.

ఇక జీఎస్టీ. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిసిన గరిష్ఠ ధర. 6,800 మీద మళ్లీ 18 శాతం, అంటే 1,224 వేయడం చెల్లదు. సరైన పద్ధతిలో 6,800 లోంచి పన్ను విడదీసి 5,762.71 ధర, 1,037.29 పన్ను అని చూపించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు సామాన్లన్నింటికీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది, పాత రేటు ఇంకా వేస్తున్నారేమో కూడా చూసుకోండి. మన ఆంధ్రప్రదేశ్ షెడ్డు అయితే జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు వచ్చేస్తుంది. నంబరే లేని షెడ్డుకి గానీ, కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ పన్ను కట్టే పద్ధతి) ఉన్న షెడ్డుకి గానీ బిల్లులో విడిగా పన్ను వసూలు చేసే హక్కు లేదు. ఎమ్మార్పీ మించి అమ్మితే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ పెట్టె అట్టముక్క మాత్రం పారేయకండి.

లెక్క వేస్తే 11,500, 3,150, మౌంటింగు చూపిస్తే 2,900, కలిపి 17,550 మీరు ఇవ్వాల్సింది. మిగిలిన 6,924 తగాదా సొమ్ము.

కారు ఆపుకునే విషయంలో చట్టం కొంత షెడ్డు వైపే ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, నైపుణ్యంతో పని చేసినవాడికి ఆ పనికి రావాల్సిన కూలి వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు ఉంది. ‘రావాల్సిన’ అన్న మాట ముఖ్యం. ఒప్పుకోని పనులకు అది వర్తించదు. అలా అట్టే పెట్టుకోవడం షెడ్డువారి సొంత ప్రయోజనం కోసమే కాబట్టి దానికి అద్దె అడగడం నిలవదు, జాబ్ కార్డులో (కారు ఇచ్చేటప్పుడు షెడ్డు రాసే పని చీటీ) ముందే ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే తప్ప. మీ కార్డు వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి.

ఇప్పుడు చేయాల్సింది: పద్దులవారీ అభ్యంతరాలు వాట్సాప్‌లో రాసి పంపి, 17,550 ఇప్పుడే కడతాను, కారు ఇవ్వండి అనండి. ఒప్పుకుంటే గొడవ లేదు. ఒప్పుకోకపోతే, కారు అవసరం ఉంటే, మొత్తం కట్టేసి తెచ్చుకోవడమే మా సలహా. బిల్లు రెండు కాపీల మీదా ‘6,924 రూపాయలు అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు వదులుకోవడం లేదు’ అని రాసి తేదీ వేయండి. యూపీఐలో అయితే రిమార్కు గడిలో ‘అభ్యంతరంతో’ అని కొట్టండి. గేట్ పాసు మీద ‘పని సంతృప్తికరం’ అని అచ్చయి ఉంటుంది, దాన్ని కొట్టేశాకే సంతకం. పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, సీళ్లు అడిగి డిక్కీలో వేయించుకోండి. ఇంటికొచ్చాక రాత్రికి గేర్‌బాక్సు కింద పాత పేపరు పరిచి ఉంచండి. ఉదయానికి నూనె చుక్క ఉంటే ఫొటో తీయండి.

తర్వాత పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషను పెట్టి, నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి చెబితే చాలా షెడ్లు అక్కడే దిగివస్తాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. పని కూడా నాసిరకం అనుకుంటే, ఇంకో షెడ్డులో విప్పించే ముందే అక్కడి నుంచి రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. విప్పాక ఎవరి తప్పో తేల్చడం కష్టం. కారు అద్దెకి తిప్పుతుంటే వ్యాపారం కింద కొట్టేయగలరు. మీరే నడుపుకుని దాని మీదే బతుకుతుంటే ఆ అడ్డంకి లేదు.

ప్రశ్న: రణస్థలం దగ్గర హైవే మీద గేదె అడ్డొచ్చి కారు ముందుభాగం దెబ్బతింది. నాలుగేళ్ల మూడు నెలల కారు, 1,197 సీసీ, మామూలు ఫుల్ ఇన్సూరెన్సు. క్యాష్‌లెస్ అన్నారు. పన్నులతో కలిపి బిల్లు 34,000. బంపరు 4,000, బానెట్ 9,000, ముందు అద్దం 6,000, పెయింటు 8,000, లేబరు 7,000. కంపెనీ 23,350 ఇచ్చింది, మిగతా 10,650 మీరు కట్టాలంటున్నారు. క్యాష్‌లెస్ అంటే ఇదేనా?
(శ్రీకాకుళం పాఠకురాలు)

జవాబు: క్యాష్‌లెస్ అంటే కంపెనీ వాటా నేరుగా షెడ్డుకి పోతుంది, అంతే. జీరో డిప్రీసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని అదనపు కవరు) తీసుకోకపోతే మీ వాటా మీకు తప్పదు. ఎంతన్నది లెక్క తేలుస్తుంది. ప్లాస్టిక్, రబ్బరుకు 50 శాతం కోత, అంటే బంపరు మీద 2,000. నాలుగు నుంచి అయిదేళ్ల కారుకు ఇనప భాగాల మీద 35 శాతం, బానెట్ మీద 3,150. అద్దానికి కోత లేదు. పెయింటు బిల్లు ఏకమొత్తంగా ఉంటే అందులో 25 శాతమే రంగు ఖర్చుగా తీసుకుని దాని మీద 50 శాతం, అంటే 1,000. లేబరుకు కోత లేదు. 1,500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించాల్సింది, 1,000. కలిపితే 7,150.

మీ దగ్గర అడిగింది దానికంటే 3,500 ఎక్కువ. సర్వేయరు (నష్టం అంచనా వేసేవారు) అసెస్‌మెంటు షీటు కాపీ కంపెనీని అడగండి. షెడ్డు కోట్ చేసిన లేబరు, పెయింటు రేట్లను సర్వేయరు తగ్గించి ఉండొచ్చు. లేదా బాగు చేస్తే చాలన్న బానెట్‌ని షెడ్డు మార్చేసి ఉండొచ్చు. రెండిట్లోనూ మిమ్మల్ని అడగకుండా చేసిన దానికి మీరెందుకు కట్టాలన్నది షెడ్డుకి వేయాల్సిన ప్రశ్న. పాత బంపరు, బానెట్ తుక్కు విలువ కింద కోశారేమో కూడా ఆ షీటులోనే తెలుస్తుంది. పెయింటు మొత్తం మీద 50 శాతం కోస్తే అది కంపెనీ తప్పు. అలా జరిగి ఉంటే 1,000 బదులు 4,000, అంటే 3,000 అదనంగా పోయేది, మీ తేడా దానికి దగ్గరగానే ఉంది గనక ముందు అక్కడే చూడండి. కంపెనీ గ్రీవెన్సు అధికారికి రాయండి, నెలలో పరిష్కారం రాకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి. అక్కడా ఫీజు లేదు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

ప్రశ్న: ఏటా మార్చిలో ఏసీ గ్యాసు నింపించుకుంటున్నాను. ఈసారి 700 గ్రాములు పట్టిందని రాశారు. చిన్న కారుకి అంత పడుతుందా?
(ఎచ్చెర్ల పాఠకుడు)

జవాబు: బానెట్ తెరిస్తే లోపల స్టిక్కరు మీద గ్యాసు రకం, గ్రాములు అచ్చువేసి ఉంటాయి. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య. అంతకు మించి నింపితే ప్రెషరు పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసరు దెబ్బతింటుంది. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏటా తగ్గుతోందంటే కారుతోందని అర్థం. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ముందుండే కండెన్సరు తుప్పుపట్టి కారడం మామూలే. యూవీ రంగు (ప్రత్యేక లైటు కింద మెరిసేది) వేసి లీకు వెతికించాకే గ్యాసు. మిషనుతో చేస్తే ఎంత బయటికి తీశారు, ఎంత నింపారు రెండూ దాని తెర మీద పడతాయి. ఫొటో తీసుకోండి.

ప్రశ్న: నరసన్నపేటలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాం. ఒకాయన ఇంజిన్ పని చేయించుకుని 38 వేల బిల్లు కట్టకుండా మూడు నెలలుగా కారు వదిలేశాడు. అమ్మేసుకోవచ్చా? ఇంకొకాయన 9 వేలు బాకీ పెట్టి కారు పట్టుకుపోయి, ఇప్పుడు వేరే కారు తెచ్చాడు. దాన్ని ఆపొచ్చా?

జవాబు: రెండూ కుదరవు. 170వ సెక్షను ఇచ్చేది వస్తువును అట్టే పెట్టుకునే హక్కే, అమ్మే హక్కు కాదు. అమ్మితే క్రిమినల్ కేసులో మీరే ఇరుక్కుంటారు. పైగా ఆ కారు మీద బ్యాంకు అప్పు కూడా ఉండొచ్చు. జాబ్ కార్డు, ఆయన ఒప్పుకున్న మెసేజీలు, సామాను బిల్లులు జతచేసి నోటీసు పంపండి. కాపీ ఆర్సీలో ఉన్న ఫైనాన్సు సంస్థకి కూడా పంపండి. కారు మీద తాకట్టు ఉన్న బ్యాంకు వాళ్లు సాధారణంగా కదులుతారు. తీరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో కేసు వేయకముందు దశలోనే పెట్టించొచ్చు, కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. సివిల్ దావాకి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు గడువు.

కారు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ దాని జాగ్రత్త మీదే. ఎలుకలు వైరింగు కొరికినా, వానకి లోపల తడిసినా అడుగుతారు. బ్యాటరీ మైనస్ తీసేసి, నీడలో పెట్టి, కిలోమీటర్ల రీడింగు, నాలుగు పక్కలా ఫొటోలు తేదీతో తీసి ఉంచండి.

రెండో ఆసామి విషయంలో, బాకీ పాత కారుది. అది చేయి దాటగానే దాన్ని ఆపే హక్కు పోయింది. ఆ బాకీకి ఇంకో కారును పట్టుకోవడం బ్యాంకుల్లాంటి కొద్దిమందికే చట్టం ఇచ్చిన వెసులుబాటు. కొత్త కారు పని ఒప్పుకోకుండా ఉండొచ్చు, లేదా పాత 9 వేలు కట్టాకే జాబ్ కార్డు తెరుస్తామని ముందే చెప్పొచ్చు. బండి లోపలికి తీసుకున్నాక మాత్రం ఆ మాట అనకండి.