ఫ్లాస్ చేస్తే రక్తం వస్తోంది, ఆపేయాలా? అసలు ఎలా చేయాలి?

"రెండు పూటలా బ్రష్ చేస్తాను, డాక్టర్ చెప్పారని ఫ్లాస్ (పళ్ళ సందులు తుడిచే దారం) కూడా మొదలుపెట్టాను, రెండో రోజే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది, ఆపేయాలా, లేక నేను చేసే పద్ధతే తప్పా" అని కదా మీరు అడిగింది. ఆపకండి. పద్ధతి మాత్రం ఒకసారి చూసుకోండి. నేను మీలాగే రక్తం చూసి భయపడి ఆపేసేవాణ్ణి, మళ్ళీ నెలకో రెండు నెలలకో ఏదైనా ఇరుక్కుంటే దారం తీసేవాణ్ణి. అలా నాలుగేళ్ళు గడిపి, చివరికి ఒక దవడ పన్నుకు ఫిల్లింగ్, దాని పక్క పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను.

విచిత్రం ఏంటంటే అద్దంలో చూస్తే ఆ రెండు పళ్ళూ శుభ్రంగానే కనిపించేవి. నొప్పి లేదు, చల్లటి నీళ్ళు తాగితే మాత్రం జివ్వుమనేది. ఎక్స్‌రేలో చూస్తే రెండు పళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకునే చోటికి కొంచెం కింద, రెండింటికీ ఎదురెదురుగా నల్లటి మచ్చ. "పైకప్పు బాగానే ఉందండీ, పక్క గోడలు పోయాయి" అన్నారు డాక్టర్. అంతకుముందు ఆరు నెలల నుంచీ సరిగ్గా ఆ సందులోనే నా ఫ్లాస్ పోగులు పోగులుగా చీలిపోతుంటే, దారం నాసిరకం అనుకుని రెండు సార్లు బ్రాండ్ మార్చాను తప్ప పన్ను మీద అనుమానమే రాలేదు. ఎప్పుడూ ఒకే చోట దారం చీలుతోందంటే అక్కడ పన్ను పుచ్చి అంచు గరుకుగా అయి ఉండొచ్చు, లేదా పాత ఫిల్లింగ్ అంచు బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు. మీకు అలా జరుగుతుంటే చూపించుకోండి.

బ్రష్ ఒక్కటే ఎందుకు సరిపోదంటే, దవడ పన్నుకు ఐదు ముఖాలు ఉంటాయి అనుకోండి. బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే పై భాగం, ఈ మూడింటికీ కుచ్చు తగులుతుంది. పక్క పళ్ళకు ఆనుకున్న మిగతా రెండింటి దగ్గరికి ఎంత ఖరీదైన బ్రష్ అయినా సరిగ్గా వెళ్ళలేదు. అక్కడ పేరుకునేది తిండి ముక్కలు మాత్రమే అనుకుంటాం, అసలు శత్రువు పాచి. బ్యాక్టీరియా కట్టుకున్న జిగురు పొర అది, మనం తిన్న చక్కెరను అవి తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పన్ను గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. జిగురు కాబట్టి పుక్కిలిస్తే పోదు, రాసి తుడవాల్సిందే. తుడవకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి దిగి ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది, అదే గార. గార కట్టాక ఇక ఫ్లాస్ వల్ల కాదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

ఇప్పుడు మీ రక్తం సంగతి. ఇన్నాళ్ళూ పాచి కూర్చున్న చోట చిగురు వాచి మెత్తబడి ఉంటుంది, ముట్టుకుంటే చాలు రక్తం వస్తుంది. రోజూ తుడుస్తుంటే వారం, రెండు వారాల్లో వాపు దిగి రక్తం తగ్గాలి. నాకు తొమ్మిదో రోజుకు ఆగింది (ఈసారి పట్టుదలగా లెక్క పెట్టుకున్నాను లెండి). ఈ దశలో ఉన్న చిగుళ్ళ వాపు పూర్తిగా నయమవుతుంది. అది ముదిరి లోపలి ఎముక దాకా వెళితే మాత్రం పోయిన ఎముక దానంతటదే తిరిగి రాదు, పళ్ళు కదలడం అప్పుడే మొదలవుతుంది.

ఇంకో రకం రక్తం ఉంది, అది మన చేతివాటం. దారాన్ని గట్టిగా నొక్కితే టప్‌మని లోపలికి దిగి చిగురును కోసేస్తుంది. నేను చేసింది అదే, టప్‌మని దించడం, టప్‌మని లాగడం, అయిపోయింది అనుకోవడం.

సరైన పద్ధతి నాకు అర్థమైంది డాక్టర్ చెప్పిన ఒక్క పోలికతో. స్నానం చేశాక తువ్వాలును రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని వీపు తుడుచుకుంటాం చూడండి, తువ్వాలు వీపును చుట్టుకుని ఉంటుంది కదా, దారం పన్నును అలా చుట్టుకోవాలి. మూరెడు దారం తీసుకోండి, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. తక్కువ తీసుకుంటే వేళ్ళకు చుట్టడానికే సరిపోతుంది. ఎక్కువ భాగం ఒక మధ్యవేలికి, కొంచెం రెండో మధ్యవేలికి చుట్టి, బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళతో మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగువుగా పట్టుకోండి. రెండు పళ్ళు ఆనుకునే చోట నొక్కొద్దు, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే దారం అదే జారుతుంది. జారగానే ఆ రంపపు కదలిక ఆపేయాలి, చిగురు మీద ఎప్పుడూ అలా లాగకూడదు. ఇప్పుడు దారాన్ని ఒక పన్ను వైపు వంచి నెలవంకలా ఆనించి, చిగురు అంచు కిందికి మెల్లగా, అడ్డం తగిలే వరకు దించి, పన్నును ఒరుసుకుంటూ కిందికీ పైకీ నాలుగైదు సార్లు తుడవండి. తర్వాత మధ్యలో ఉన్న ముక్కోణపు చిగురును కోయకుండా దారం కొంచెం పైకెత్తి, అదే సందులో పక్క పన్నును కూడా అలాగే తుడవాలి. ఒక సందు అంటే రెండు గోడలు, చాలామంది ఒకటి తుడిచి వెళ్ళిపోతారు. పక్క సందుకు వెళ్ళే ముందు వాడిన దారాన్ని ఒక వేలి నుంచి విప్పి ఇంకో వేలికి చుట్టేస్తే కొత్త ముక్క వస్తుంది. చివరి దవడ పన్ను వెనక భాగాన్నీ వదలొద్దు. అక్కడ తుడిచిన దారాన్ని ఒకసారి వాసన చూడండి, నోటి దుర్వాసన ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి వారం నాకు పది నిమిషాలు పట్టేది, వేళ్ళు నీలం రంగు తిరిగేవి, చిరాకు వచ్చేది. ఇప్పుడు అద్దం కూడా అక్కర్లేకుండా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు ఒక్కసారి చాలు. నేను రాత్రి బ్రష్ చేసే ముందు చేస్తాను, సందులు ఖాళీ అయ్యాక పేస్టులోని ఫ్లోరైడ్ అక్కడికి చేరుతుందని. మీరు తర్వాత చేసుకున్నా కొంపలేం మునగవు.

"ఫ్లాస్ వల్ల లాభం ఉన్నట్టు రుజువే లేదట కదా" అని ఎవరో ఒకరు కింద రాస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. 2016లో అలాంటి వార్తలు బాగా తిరిగాయి. 2019లో కోక్రేన్ సంస్థ పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, బ్రష్ ఒక్కటే చేసేవాళ్ళ కంటే ఫ్లాస్ కూడా చేసేవాళ్ళలో చిగుళ్ళ వాపు తగ్గవచ్చని చెప్పింది, కాకపోతే ఆ ఆధారాలు అంత బలమైనవి కావని కూడా చెప్పింది. నా అనుమానం ఏంటంటే నాలాగా టప్‌మని లాగేసేవాళ్ళను కూడా ఫ్లాస్ చేసేవాళ్ళ కిందే లెక్కేస్తే ఫలితం ఇంకెలా వస్తుంది? పళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ ఉన్నవాళ్ళకు మాత్రం దారం కంటే సందుల్లో దూరే చిన్న బ్రష్‌లు మేలు. క్లిప్పులు, పోయిన పన్ను చోట కట్టించుకున్న బ్రిడ్జిలు ఉంటే కొస గట్టిగా ఉండే ప్రత్యేకమైన ఫ్లాస్ దొరుకుతుంది, దాన్ని కింది నుంచి దూర్చుకోవచ్చు. ఇదంతా ఈ మధ్య కంపెనీలు పుట్టించిన అవసరం అని నేనూ అనుకునేవాణ్ణి, కానీ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో లెవీ స్పియర్ పార్మ్లీ అనే దంతవైద్యుడు 1819 నాటికే పట్టుదారంతో పళ్ళ సందులు తుడుచుకోమని రాశాడు.

దారం వల్ల సందులు పెద్దవవుతాయని మా అక్క ఇప్పటికీ వాదిస్తుంది. వాచిన చిగురు సందును మూసేసి ఉంటుంది, వాపు దిగాక ఉన్న ఖాళీ బయటపడుతుంది, అంతే.

రెండు వారాలు రోజూ నెమ్మదిగా చేశాక కూడా రక్తం ఆగకపోతే, లేదా చీము, పన్ను కదలడం కనిపిస్తే, ఇక దారంతో కుస్తీ పట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు, చిగుళ్ళ జబ్బు, షుగర్ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. వెళ్ళినప్పుడు ఏ సందులో రక్తం వస్తోందో, ఎక్కడ దారం చీలుతోందో గుర్తుపెట్టుకుని వేలితో చూపించండి, ఎక్స్‌రే అక్కడే తీస్తారు.