సిడ్నీ రిమాండ్ జైల్లో మా బంధువులబ్బాయి సామాను పోయింది. కంప్లయింట్ చేస్తానంటే వద్దంటున్నాడు. ఎందుకు?

వద్దనడానికి కారణం ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఒక జైల్లో కొన్నేళ్లు ఆఫీసరుగా పనిచేశాను (ఖైదీలు మమ్మల్ని 'స్క్రూ' అంటారు, ఎదురుగా మాత్రం 'చీఫ్').

అక్కడ సెల్‌ని 'పీటర్' అంటారు. తోటి ఖైదీ సెల్‌లో దూరి సామాను ఎత్తుకుపోయేవాడు 'పీటర్ థీఫ్'. బయట ఎన్ని ఇళ్లు దోచి లోపలికొచ్చినా ఎవరూ ఏమీ అనరు. లోపల చేస్తే మాత్రం క్షమించరు. పిల్లల్ని పాడుచేసిన 'రాక్ స్పైడర్', అధికారులకు ఉప్పందించే 'డాగ్' తర్వాత అందరూ ఛీకొట్టేది వీణ్ణే. విచిత్రమేమిటంటే, ఎదురుగా నిలబడి బెదిరించి లాక్కుంటే పీటర్ థీఫ్ అనరు. అది 'స్టాండోవర్'. వాడికి భయపడతారు, అంతే. ఈ న్యాయం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

పోయేది మహా అయితే ట్యూనా డబ్బాలు, నూడుల్స్, కాఫీ పొడి. కానీ లోపల నగదు ఉండదు. జైలు పనికి వచ్చే కొద్ది డాలర్లతోనో, ఇంటివాళ్లు వేసిన డబ్బుతోనో ఫారం నింపి 'బై-అప్'లో (ఖైదీలు సరుకులు కొనుక్కునే ఏర్పాటు) తెప్పించుకున్న ఈ సరుకే వాళ్లకు డబ్బు. అప్పులూ పందేలూ దీంతోనే. ఒకప్పుడు పొగాకు నడిచేది. 2015 ఆగస్టులో అక్కడి జైళ్లలో సిగరెట్లు నిషేధించాక తిండి సరుకుల విలువ పెరిగింది. సిగరెట్ మానడానికి ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లని టీ ఆకుతో కలిపి 'టీబాకో' చుట్టుకున్న ఘనులూ ఉండేవారు, అది వేరే కథ.

ఫలానావాడు తీశాడని చెబితే చెప్పినవాడే డాగ్ అయిపోతాడు. అందుకే మాదాకా ఫిర్యాదు రాదు. ఒకడు మొహం వాచిపోయి "షవర్‌లో జారిపడ్డాను చీఫ్" అంటాడు. ఇంకొకడు సామాను మూటకట్టుకుని, కారణం చెప్పకుండా వేరే వింగ్‌కి పంపమంటాడు. అప్పుడు మాకు ఏదో దొంగతనం జరిగిందని అర్థమవుతుంది. అనుమానం ముందు 'స్వీపర్' మీదికి పోతుంది. వింగ్ ఊడ్చే ఖైదీ కదా, అందరూ యార్డులో ఉన్నప్పుడు లోపల తిరిగేది అతనే. పాపం, చాలాసార్లు అతనికేమీ తెలియదు. 'టూ-అవుట్', అంటే ఇద్దరుండే సెల్ అయితే పక్క మంచంవాడికీ టెన్షనే.

మీరు ఫోన్‌లో ఎవరి పేరూ అడగకండి, ఆ కాల్స్ రికార్డవుతాయి. బై-అప్‌లో సరుకు పోగేయొద్దనండి. పోయినదాని బదులు అప్పు అసలు చేయొద్దనండి, ఒకటి తీసుకుంటే రెండు తిరిగివ్వాలి. మరీ భయంగా ఉంటే ఎవరి పేరూ చెప్పకుండానే సెల్ మార్చమని అడగొచ్చు. అలా అడిగినవాళ్లని మేం చాలామందిని మార్చాం.