క్రిస్మస్‌కు ఇల్లు సిద్ధం చేయడం: ముందు మొక్కలు, తర్వాతే కాగితాలు

విజయవాడలో రెండో అంతస్తు ఇంట్లో ఉంటున్న మీరు, ఈసారి బజారు నక్షత్రం కొనకుండా పిల్లలతో కలిసి ఇంట్లోనే కట్టాలనుకుంటున్నామని, పశువుల పాక కూడా చేయాలని ఉందని రాశారు. నిరుడు కొన్న పాయిన్‌సెట్టియా, అంటే క్రిస్మస్ వేళకు పై ఆకులు ఎర్రబడే మొక్క, బతికింది గాని అక్టోబరు సగం గడిచినా పచ్చటి ఆకులే వేస్తోందని, బంతి విత్తనం ఇప్పుడు చల్లితే పండగకు పూస్తుందా అని అడిగారు. గుంటూరు జిల్లాలోని ఒక కతోలిక కుటుంబానికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఏటా ఈ పనులన్నీ నా చేతుల మీదుగానే జరుగుతున్నాయి గనుక, నా అనుభవంలో నిలిచిన విషయాలు చెబుతాను. వెదురు దబ్బలను, కాగితాన్ని రెండు సాయంత్రాలు గట్టిగా కూర్చుంటే లొంగదీయవచ్చు; మొక్కను మాత్రం ఎంత బతిమాలినా దాని గడువుకు ముందు పూయదు. కాబట్టి నక్షత్రం సంగతి నవంబరు చివరికి వాయిదా వేసి, ఈ వారమే బాల్కనీలోకి వెళ్లండి.

పాయిన్‌సెట్టియా మెక్సికో దేశపు మొక్క. అక్కడ అమెరికా ప్రతినిధిగా పనిచేసిన జోయెల్ రాబర్ట్స్ పాయిన్‌సెట్ 1820ల చివరలో దానిని తన దేశానికి పంపడంతో ఆయన పేరే దానికి స్థిరపడింది. అందులో ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే. అసలు పూలు వాటి నడుమ పసుపు రంగులో చిన్న గుత్తిగా ఉంటాయి. ఆ ఆకులు ఎరుపెక్కాలంటే ఎరువు కన్నా, నీటి కన్నా ముఖ్యంగా కావలసింది చీకటి. ఎనిమిది నుంచి పది వారాల పాటు, ప్రతి రాత్రీ పన్నెండు గంటలకు మించి, మధ్యలో వెలుతురు పడని చీకటి దొరికితేనే మొక్క పూతకు తిరుగుతుంది. సెప్టెంబరు చివరి నుంచి మన ప్రాంతంలో రాత్రి పగటి కంటే పొడవవుతూ వస్తుంది. డిసెంబరు మూడో వారానికి పగలు పదకొండు గంటల చిల్లరకు తగ్గుతుంది. పల్లెలో దీపాల వెలుగు తగలని పెరట్లో నాటిన పాయిన్‌సెట్టియా ఎవరూ పట్టించుకోకపోయినా డిసెంబరుకు ఎర్రబడటానికి కారణం ఇదే. మీ మొక్క అక్టోబరు మధ్యలో పచ్చగా ఉండటం సహజమే, దానికి కంగారుపడవలసిన పని లేదు. అయితే బాల్కనీలో రాత్రి పది దాకా ట్యూబులైటు వెలుగుతూ, ఎదురుగా వీధిదీపం తెల్లవార్లూ కాస్తూ ఉంటే మాత్రం అది క్రిస్మస్‌కు కూడా ఇలాగే పచ్చగా ఉండిపోతుంది.

అందుచేత రేపటి నుంచే సాయంత్రం 5 గంటలకు కుండీని నల్లటి మందపాటి బట్టతో, రెండు మడతలు వేసి కప్పి, ఉదయం 7 గంటలకు తీయండి. అట్టపెట్టె బోర్లించినా చీకటి వస్తుంది గాని, లోపల గాలి ఆడదు; రాత్రివేళ వేడి ఎక్కువైతే పూత వెనకబడుతుంది కనుక, మన కోస్తాలో అక్టోబరు, నవంబరు మొదటి వారాల ఉక్కకు బట్టే మేలని నా అభిప్రాయం. ఆకులను అంటకుండా మూడు పుల్లలు గుచ్చి, వాటి మీద గుడారంలా వేయండి. ఎర్రబడిందేమోనని రాత్రి టార్చి వేసి చూడకండి, పిల్లలకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. నడిరాత్రి కొద్దిసేపు పడిన వెలుతురు కూడా మొక్క లెక్కలో ఆ రాత్రిని రెండు పొట్టి రాత్రులుగా చీల్చివేస్తుంది. పగలు మాత్రం కనీసం అయిదారు గంటల ఎండ తగలాలి. పైమట్టి ఆరిన తర్వాతే నీళ్లు పోయండి. ఆకు దట్టంగా రావాలని యూరియా వంటివి వేయవద్దు, కొమ్మల కొసలు అసలే తుంచవద్దు. తుంచే కాలం సెప్టెంబరు మొదటి వారంతోనే ముగిసింది. కొమ్మ విరిగితే కారే పాలు కొందరి చర్మానికి దురద పుట్టిస్తాయి, అంటుకుంటే సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. డిసెంబరు ఒకటో తేదీ రాత్రికల్లా ఇంటి ముందు నక్షత్రం వెలగాలని మన ఇళ్లలో అందరికీ పట్టుదల. అదే బాల్కనీలో, అదే మొక్క నెత్తిన నక్షత్రం కడితే, ఆరు వారాలుగా దాచిన చీకటి అంతా వృథా అవుతుంది. అప్పటికి ఆకులు పూర్తిగా రంగు తిరిగి ఉంటే తర్వాత పడే వెలుతురుతో నష్టం లేదు. సగమే తిరిగి ఉంటే నక్షత్రం ఒకవైపు, మొక్క ఇంకోవైపు ఉండాలి, కప్పడం కూడా కొనసాగాలి. ఇంత ఓపిక లేనివారు డిసెంబరులో కడియం నర్సరీల నుంచి వచ్చే ఎర్రటి కుండీ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. నేను కూడా గుమ్మానికి రెండో పక్కన పెట్టడానికి ఒకటి కొంటూనే ఉంటాను.

బంతి విషయంలో మీకు సమయం సరిగ్గా సరిపోయేంత ఉంది, అంతకు మించి లేదు. చిన్నపూల బంతి విత్తనం వేసిన రెండు నెలల లోపే పూస్తుంది కాబట్టి ఈ వారం చల్లితే పండగ ముందు వారానికి పూలు చూడవచ్చు. ముద్దబంతికి ఇంకా ఎక్కువ రోజులు కావాలి, దానికి విత్తనం మాని నర్సరీలో నారు కొనండి. మామూలుగా బంతికి తల తుంచితే పక్క కొమ్మలు పెరిగి పూలు ఎక్కువగా వస్తాయి, కానీ పూత కొన్నాళ్లు వెనక్కి పోతుంది; ఈసారికి తుంచకుండా వదిలేయండి. క్రిస్మస్‌కు విచ్చిన మొదటి పూలను వాడిన వెంటనే కోసేస్తూ ఉంటే అవే మొక్కలు సంక్రాంతి దాకా పూస్తాయి, ఇరుగుపొరుగు గొబ్బెమ్మలకు కూడా పనికివస్తాయి. చామంతికి జూన్, జూలై నెలల్లోనే పిలకలు నాటవలసింది. ఇప్పుడు మొగ్గలున్న కుండీలు కొనడమే దారి.

ఇక నక్షత్రం. పిల్లలతో కట్టేటప్పుడు చాలామందికి వచ్చే ఇబ్బంది, ఒక కాలు పొడవై మరొకటి కురచై నక్షత్రం వంకర పోవడం. దీనికి మా మామగారు కొలిచి పెట్టిన లెక్క ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. మేదరుల దగ్గర 36 అంగుళాల పొడవున్న, అరంగుళం వెడల్పున్న వెదురు దబ్బలు పది చీల్పించుకోండి. ప్రతి దబ్బ మీద రెండు కొసల నుంచీ పదమూడు ముప్పావు అంగుళాల దగ్గర గీతలు పెట్టండి, మధ్యలో ఎనిమిదిన్నర అంగుళాలు మిగులుతుంది. అయిదు దబ్బలను అయిదు కోణాల నక్షత్రంగా పేర్చి, ఒక దబ్బ గీత మీదికి ఇంకో దబ్బ గీత సరిగ్గా వచ్చేలా జరిపితే అయిదు కాళ్లూ వాటంతట అవే సమానమవుతాయి. చిన్న నక్షత్రం కావాలంటే దబ్బ పొడవులో నూటికి 38 వంతులు లెక్కకట్టి గీత పెట్టుకోవచ్చు. దబ్బలను ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి చాపలా దూర్చి పురికొసతో కడితే చట్రం ఊగదు. ఇలాంటివి రెండు చేసి, ఒకదానిమీద ఒకటి ఉంచి, అయిదు కొసలూ కలిపి కట్టి, లోపలి అయిదు కూడళ్ల దగ్గర ఆరేసి అంగుళాల పుల్లలను రెండు చట్రాల నడుమ నిలబెడితే నక్షత్రం ఉబ్బి ఆకారానికి వస్తుంది. దబ్బల అంచులను ముందే గరుకు కాగితంతో రుద్దడం మరవకండి, వెదురు పేళ్లు పిల్లల వేళ్లలో ఇట్టే దిగుతాయి.

అంటించడానికి ఒక కప్పు మైదాకు నాలుగు కప్పుల నీళ్లు కలిపి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికించిన జిగురే నా దృష్టిలో అన్నింటికంటే మంచిది. పురుగు పట్టకుండా పాతకాలంలో అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం కనుక పిల్లలు చేయి పెట్టే గిన్నెలో వేయకండి, మూడు వారాల నక్షత్రానికి దాని అవసరమూ లేదు. గాలిపటాల కాగితం వెలుతురును మెత్తగా పరుస్తుంది, గ్లాసు కాగితం మెరుస్తుంది గాని లోపలి బల్బు, తీగ అన్నీ బయటికి చూపిస్తుంది, పైగా మైదా జిగురుకు సరిగ్గా అంటదు. వెనుకవైపు ఒక గడిని బల్బు కోసం తెరిచే ఉంచండి. 5 లేదా 7 వాట్ల ఎల్‌ఈడీ చాలు. పాతరకం 60 వాట్ల బల్బు కాగితాన్ని కాల్చేంత వేడెక్కుతుంది. నవంబరు చివరిలో చట్రం మాత్రం కట్టి ఉంచి, వాన సూచన ఏదీ లేదని చూసుకున్నాకే కాగితం అంటించండి. మన తీరానికి తుపానులు వచ్చే కాలం అది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత గాలివానకు ఏ కాగితమూ నిలవదు, చట్రం గట్టిదైతే మళ్లీ అంటించుకోవడం ఒక పూట పని.

పాకకు పెద్ద ఖర్చు అక్కరలేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అసిస్సీ ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసిన పశువుల తొట్టిలో ఉన్నది కూడా ఎండుగడ్డి, ఎద్దు, గాడిదే. డిసెంబరుకు మన డెల్టాలో వరికోతలు సాగుతూ ఉంటాయి గనుక కొత్త గడ్డి తేలికగా దొరుకుతుంది; రెండు రోజులు ఎండలో దులిపి ఆరబెట్టి తెచ్చుకోండి. అట్టపెట్టెల మీద నలిపిన ఖాకీ కాగితాన్ని పైన చెప్పిన జిగురుతోనే అంటించి, ఎర్రమట్టి నీళ్లు పూస్తే కొండలవుతాయి. పాక ముందు పచ్చికకు ప్లాస్టిక్ గడ్డి కొనే బదులు రాగులు మొలిపించండి. డిసెంబరు 13, 14 తేదీలకు ఒక రాత్రి నానబెట్టి, బట్టలో మూటగట్టి, మొలక కనబడగానే తడిపిన కొబ్బరిపొట్టు పరిచిన పళ్లెంలో ఒత్తుగా చల్లి, రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే 24వ తేదీకి లేత పచ్చిక సిద్ధంగా ఉంటుంది. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లి బూజు పడుతుంది కాబట్టి పళ్లానికి అడుగున చిల్లులుండాలి. బాలయేసు బొమ్మను మేము 24 రాత్రి పూజ ముగించుకుని వచ్చాకే తొట్టిలో పడుకోబెడతాం, అప్పటిదాకా తొట్టి ఖాళీగానే ఉంటుంది. ఆ బొమ్మను పెట్టే హక్కు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లది.

అరిసెలు, కజ్జికాయలు పండగకు వారం ముందే వండి డబ్బాకు ఎత్తుకోండి, లేకపోతే పాక పనీ పొయ్యి పనీ ఒకే రోజు మీద పడతాయి. పాకలో కొవ్వొత్తి వెలిగించవద్దు. సీరియల్ బల్బుల తీగను గడ్డికి తగలకుండా కప్పు వెదుళ్లకు కట్టి, తీగ తెగిన చోట్లు ఉన్నాయేమో పగటిపూట చూసుకుని, పడుకునే ముందు స్విచ్ ఆపేయండి.