మీ ప్రశ్న - మా జవాబు: కణానికి దారి చెప్పేదెవరు?

ప్రశ్న: రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వేరుచేసి బోయ్‌డెన్ చాంబర్ (రంధ్రాల పొరతో పై గుంట, కింది గుంటగా విడదీసిన పాత్ర) ప్రయోగం చేస్తున్నాను. కింది గుంటలో ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ (ఈ కణాల్ని ఆకర్షించే మందు) 10 నానోమోలార్ పోస్తే కణాలు బాగా దిగాయి. 1 మైక్రోమోలార్‌కి, అంటే వంద రెట్లు పెంచితే తగ్గిపోయాయి. స్టాక్ (చిక్కటి మూల ద్రావణం) పాడైందా? అసలేమీ కలపని గుంటలోకీ కొన్ని దిగుతున్నాయి, ఎందుకు?
- ఎం.ఎస్సీ. విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: స్టాక్‌ని అనుమానించకండి. 10 నానోమోలార్‌కి పనిచేసింది కదా! కణం చూసేది మందు ఎంత ఉందని కాదు, తన ఒక పక్కకీ మరో పక్కకీ తేడా ఎంత ఉందని. టౌన్ కొత్తరోడ్డులో ఉన్నవాడు వాసన పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి చేరగలడు. హార్బర్ నడిమధ్యన నిలబడ్డవాడికి ఎటు తిరిగినా చేపల వాసనే. 1 మైక్రోమోలార్ దగ్గర కణం ముందూ వెనకా రిసెప్టర్లు (మందుని పట్టుకునే ప్రోటీన్లు) దాదాపు అన్నీ నిండిపోతాయి, ఇక తేడా తెలియదు. అందుకే మోతాదు గ్రాఫు గంట ఆకారంలో వస్తుంది.

మామూలుగా పది, పన్నెండు మైక్రాన్ల ఈ కణం రెండు కొసల మధ్య ఒకటి రెండు శాతం తేడానైనా పసిగడుతుంది. చిత్రమేమిటంటే, రిసెప్టర్లు ముందువైపుకి పోగుపడవు, ఒంటి నిండా సమంగానే ఉంటాయి. ఆ చిన్న తేడాని పెద్దది చేసేది లోపలి యంత్రాంగం. మందు ఎక్కువున్న వైపు పొర మీద పీఐపీ3 అనే కొవ్వు పోగవుతుంది, అక్కడ రాక్ (Rac) ప్రోటీన్ మేల్కొని యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల్ని కొమ్మలు కొమ్మలుగా పెంచి పొరని ముందుకి నెడుతుంది. వెనకవైపు రో, మయోసిన్ అనే ప్రోటీన్లు కలిసి తోకని పిండి లాగుతాయి.

ఏమీ కలపని గుంటలోకి దిగినవి ఊరికే తిరుగుతూ రంధ్రంలో పడ్డవి. అయితే మందు కణాన్ని దారి చూపకుండానే హుషారెక్కించగలదు కూడా. అది తేల్చాలంటే ఒక గుంటలో పైనా కిందా ఒకే గాఢత పెట్టండి. అక్కడా బాగా దిగితే అది దిశ కాదు, ఉరుకులాట. ఈ కంట్రోలు లేని ఫలితాన్ని మేమైతే నమ్మం.

స్టాక్ 10 మిల్లీమోలార్ అయితే 10 మైక్రోలీటర్లు తీసి 990లో కలపడం మూడుసార్లు చేయండి, సరిగ్గా 10 నానోమోలార్ వస్తుంది. ఒక్కసారిగా పలచన చేయబోతే పిపెట్ లోపమే ఫలితమవుతుంది. 24 గుంటల ప్లేటులో కింద 600 మైక్రోలీటర్లు పోసి, 3 మైక్రాన్ల రంధ్రాల ఇన్‌సర్ట్‌ని (అడుగున పొర ఉన్న చిన్న గిన్నెని) వాలుగా దించి, ఆ తర్వాతే పైన 100 మైక్రోలీటర్ల కణాలు వేయండి. ఏసీ గదిలో చల్లబడ్డ బఫర్‌ని నేరుగా ఇంక్యుబేటర్‌లో పెట్టారా, కరిగిన గాలి బుడగలై పొర కింద చేరుతుంది, ఆ మేర ఒక్క కణమూ దిగదు. ముందే 37 డిగ్రీలకి వేడి చేసుకోండి. గంట లోపు ఆపండి, మధ్యలో ప్లేటు కదపకండి. కదిపితే పైకీ కిందికీ ఉన్న తేడా కలిసిపోతుంది.

ప్రశ్న: ఈ-కోలై బాక్టీరియా అంత చిన్నది కదా, అదీ ఇలాగే రెండు కొసలు పోల్చుకుంటుందా?
- ఇంటర్ విద్యార్థి, గాజువాక

జవాబు: లేదు. 2 మైక్రాన్ల ఒంటి మీద పోల్చడానికి చోటు లేదు, అందుకే కాలంలో పోల్చుకుంటుంది: ‘ఇందాకటి కంటే ఇప్పుడు తీపి పెరిగిందా?’ ఆ ‘ఇందాక’ కొన్ని సెకన్లే. రిసెప్టర్లకి మిథైల్ గుంపులు అతికించడం, ఊడదీయడమే దాని జ్ఞాపకం. తోకలు అపసవ్యంగా తిరిగితే జడలా కలిసి సెకను పాటు సూటిగా ఈదుతుంది. సవ్యంగా తిరిగితే జడ విడిపోయి పల్టీ కొట్టి, ఎటో ఒకటి చూస్తుంది. తీపి పెరుగుతుంటే, పల్టీ కొట్టించే చే-వై ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలేది తగ్గి పల్టీలు వాయిదా పడతాయి. దానికి దిశ తెలియదు, తప్పు దారిలో ఎక్కువసేపు పోదంతే.